ఆదివారం పగలగొట్టిన మంచు

సంత్‌హూక్ దీవి,
డిసెంబరు మొదటి గురువారం, 1890

ప్రభువునందు ప్రియమైన నా నీల్త్యే,

క్షేమంగా దీవి చేరాను. నదిలో సగం దూరం వచ్చేసరికి మంచుపలకలు పడవ పక్కలను గీరుకుంటూ పోవడం మొదలుపెట్టాయి. పడవవాడు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. "నోరు అదుపులో పెట్టుకో నాయనా, తీర్పు దినాన ప్రతి వ్యర్థమైన మాటకూ జవాబు చెప్పుకోవాలి" అన్నాను. "ముందు అవతలి ఒడ్డుకి చేరితే కదయ్యా జవాబు చెప్పుకునేది! మీరు ప్రార్థన చేసుకోండి, తెడ్డు సంగతి నాకొదిలెయ్యండి" అన్నాడు. నేను ప్రార్థన చేశాను, వాడు తెడ్డు వేశాడు, దేవుడు ఇద్దరినీ ఒడ్డున పడేశాడు.

ఇక్కడి విశ్వాసుల సహవాసం కాపరి లేని మంద. వీళ్ల పెద్ద చనిపోయినప్పటి నుంచి వాక్యం చదివి చెప్పేవాడు లేడు. ఒక పడవల పాకలో కూడుకుంటున్నారు. నిన్న సాయంత్రం నేను లేచి మాట్లాడితే చేపలు పట్టే మగవాళ్లు కూడా ఏడ్చారు. చలికాలం గడిచేదాకా ఉండమని అడిగితే సరేనన్నాను. నిన్ను అడగకుండా సరేనన్నందుకు కోప్పడకు. గంపగుత్తగా నీ మీద ఇంత పని పడేస్తున్నానని నాకు తెలుసు.

ఇప్పుడు మన పక్షుల సంగతి. ఆకాశం చూస్తుంటే ఇది వచ్చి పోయే చలిలా లేదు. ఆ అరవై బాతులూ తొమ్మిది పెద్దబాతులూ ఈ చలికాలం దాటితేనే వసంతంలో మనకు గుడ్లు, గుడ్లు అమ్మిన డబ్బు ఉంటేనే మనకు ఆ ఇల్లు నిలిచేది. కనుక జాగ్రత్తగా విను. రోజూ పొద్దున్నే ఇంటి ముందు కాలువలో మంచు పగలగొట్టి గుంట చెయ్యి. పక్కనే గడ్డి చుట్టిన గుర్తుకర్ర పాతు. గుంట కొట్టినవాళ్లే కర్ర పాతాలి, ఇది మన ఊరి కట్టుబాటు, మర్చిపోకు. మంచు మీద నడిచేవాడి ప్రాణం ఆ గడ్డి చుట్ట మీద ఆధారపడి ఉంటుంది.

ఆదివారం మాత్రం గొడ్డలి ముట్టకు. శనివారం పొద్దు వాలకముందే అన్నిటినీ కొట్టంలోకి తోలు. గాలి కంతలన్నీ గడ్డితో కూరి తలుపు బిగించు. గింజలు రెండింతలు వెయ్యి. సోమవారం తెల్లవారేదాకా తెరవకు. లోపల వెచ్చగా ఉంటాయి, ఒక్కరోజుకి నీళ్లు లేకపోతే ఏమీ కాదు. ఎడారిలో ఆరో రోజున రెండు రోజుల తిండికి మన్నా కురిపించినవాడు మన బాతులను మరిచిపోడు. పోయినేడు కమ్మరి భార్య గ్రీట్యే ఆదివారం మంచు పగలగొట్టి నీళ్లు తోడుకుంటే పేరు చదివి సహవాసమంతటి ముందూ ఆమెను నిలబెట్టింది నేనే. అదే నోటితో నా ఇంటికి వేరే ధర్మశాస్త్రం చెప్పలేను.

పాదాలకు కొవ్వు రాసుకుని పడుకో. నీకు మడమలు పగులుతాయి.

ప్రభువు పనిలో,
నీ భర్త గోవర్ట్


లీర్‌వెన్,
డిసెంబరు, రెండో మంగళవారం

ప్రియమైన మీకు,

దీవిలో చేపలవాళ్లను ఏడిపించారట, సంతోషం. ఇక్కడ నన్ను ఏడిపించడానికి మీ బాతులు చాలు.

మీరు చెప్పినట్టే చేశాను. ఒక్క పొల్లు తప్పలేదు. శనివారం తోలాను, కంతలు కూరాను, గింజలు రెండింతలు వేశాను, తలుపు బిగించాను. ఆదివారమంతా అవి లోపల అరుస్తూనే ఉన్నాయి. కూడికలో మీ బదులు ఎల్బర్ట్ తాత ప్రార్థన చేస్తుంటే నా చెవిలో ఆ అరుపులే. పొద్దు వాలేసరికి అరుపులు ఆగిపోయాయి. అవి అరవడం మానేసినప్పుడే నాకు భయం పట్టుకుంది.

సోమవారం తలుపు తీస్తే ఉడుకుతున్న కుండ మూత తీసినట్టు ఆవిరి నా మొహాన కొట్టింది. గోడలు చెమట కారుస్తున్నాయి. కింద గడ్డి నల్లగా ముద్దయిపోయింది. అన్ని పక్షుల ఊపిరీ బయటికి పోయే దారి లేక వాటి మీదే నీరై కురిసిందండీ. వెచ్చగా ఉంచాలని వాటిని వాటి ఊపిరిలోనే నానబెట్టాం. పొడి గింజలు మింగి, కడుక్కోవడానికి నీళ్లు లేక, ముక్కు రంధ్రాలు పిండితో పూడుకుపోయి నోరు తెరుచుకుని రొప్పుతున్నాయి. నాలుగు బాతులు చచ్చి పడి ఉన్నాయి. మిగిలినవాటిని బయటికి తోలితే తడిసిన ఈకల మీద చూస్తుండగానే మంచు పేరుకుంది. ఒక్కొక్కదాన్నీ ఒడిలో పెట్టుకుని పొయ్యి దగ్గర ఆరబెట్టాను. ఇల్లంతా బాతుల కంపు. పెద్దబాతుల్లో ముసలిది, ఆ బూడిదరంగుది, కుంటుతోంది. మామగారి కాలంలో ఎంత చలిలోనూ ఆ కంతలు పూడ్చేవారు కాదు. చలికి ఇవి చావవండీ, తడికి చస్తాయి.

ఎల్బర్ట్ తాత వచ్చి చూశాడు. చచ్చినవాటిని కర్రతో కదిలించి, "దేవుడు ప్రేమించేవాళ్లనే శిక్షిస్తాడమ్మాయ్" అన్నాడు.

"నన్ను శిక్షిస్తే సరిపోయేది కదా తాతా, బాతులేం చేశాయి?" అన్నాను.

"ఆ నోరే నీకు చేటు. గోవర్ట్ ఎట్లా భరిస్తున్నాడో!"

"ఆయన దీవిలో ఉన్నాడుగా, అట్లా భరిస్తున్నాడు."

నవ్వాపుకుని వెళ్లిపోయాడు పాపం.

ఇప్పుడు నేను అడిగేది వినండి. లూకా సువార్తలో ప్రభువే అన్నాడు గదా, మీలో ఎవడైనా విశ్రాంతిదినాన ఎద్దునో గాడిదనో విప్పి తోలుకుపోయి నీళ్లు పెట్టడా అని. ఎద్దుకి తగినది బాతుకి తగదా? సృష్టిలో దేవుడు బాతులను చేసింది ఎద్దుకంటే ఒకరోజు ముందే. వచ్చే ఆదివారానికి ముందు జవాబు పంపండి. మీ మాట కోసం చూస్తుంటాను.

వాటికి పది ఆజ్ఞలూ చదివి వినిపించాను. నాలుగోది, ఆ విశ్రాంతిదినం సంగతి, వాటికి నచ్చలేదు.

మీ
నీల్త్యే


సంత్‌హూక్ దీవి,
డిసెంబరు, మూడో శుక్రవారం

ప్రభువునందు ప్రియమైన నీల్త్యే,

నీ ఉత్తరం ఈ పొద్దునే అందింది. పడవలు నిలిచిపోయాయి. టపావాళ్లు చిన్న పడవను కొంతసేపు తోసుకుంటూ, కొంతసేపు తెడ్డు వేసుకుంటూ మంచు దాటుతున్నారు. ఈ జవాబు ఆదివారానికి నీ చేతికి రాదేమో.

నాలుగు బాతులు పోయినందుకు బాధపడ్డాను. యోబుకి ఎన్ని పోయాయి? ఒంటెలు పోయాయి, గొర్రెలు పోయాయి, కన్నబిడ్డలు పోయారు. అతడు దేవుణ్ణి దూషించలేదు. నువ్వు నాలుగు బాతులకే లూకా సువార్త పట్టుకుని నా మీదికి వచ్చావు.

ఆ వచనం నాకు తెలియదనుకున్నావా? విప్పి తోలుకుపోవడం వేరు, గొడ్డలి ఎత్తడం వేరు. నీళ్లున్న చోటికి ఎద్దును నడిపించమన్నాడు. నీళ్లు లేని చోట నీళ్లు పుట్టించమనలేదు. కాలువ తెరుచుకుని ఉంటే తోలుకో, నేను కాదనను. దేవుడు దాన్ని మూసేస్తే, ఆయన మూసినదాన్ని విశ్రాంతిదినాన పగలగొట్టడానికి నువ్వెవరు? ఆయన పంపిన చలి ముందు ఎవడు నిలుస్తాడని కీర్తనకారుడు ఊరికే అడిగాడా? ఎడారిలో విశ్రాంతిదినాన పుల్లలు ఏరుకున్నవాడు కూడా చలికే ఏరుకుని ఉంటాడు. వాణ్ణి రాళ్లతో కొట్టి చంపారని నీకు తెలుసు.

కంతలు ఇంకా గట్టిగా కూరు. గడ్డి మందంగా పరిస్తే తడి పీల్చుకుంటుంది. శనివారం సాయంత్రం నీళ్లు కడుపునిండా తాగించు. ఇది శోధన. శోధనలో సగం దారిలో తిరిగి చూసినవాళ్లు ఉప్పుస్తంభాలవుతారు.

ముసలి పెద్దబాతు పాదానికి గోరువెచ్చని కొవ్వు పట్టించు. దాన్ని పోనివ్వకు. మా అమ్మ పెంచిన వరసలో అదొక్కటే మిగిలింది.

ప్రభువు పనిలో,
గోవర్ట్


లీర్‌వెన్,
కొత్త సంవత్సరం మర్నాడు

ప్రియమైన మీకు,

మీ జవాబు మూడు ఆదివారాలు దాటాక వచ్చింది. దానికోసం ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి చూడటం మానేశాను. కాబట్టి ఆ మూడు ఆదివారాలూ నా బుద్ధికి తోచినట్టే గడిచాయి.

అన్నీ బతికే ఉన్నాయి. ఇంకొక్కటి కూడా పోలేదు. కంతలు తెరిచాను. తూర్పుగాలి తగలకుండా రెల్లుతడక మాత్రం అడ్డం కట్టాను. కింద గడ్డి రోజూ పైపైన పొడిది వేస్తున్నాను. వాటి పొట్ట కింద చెయ్యి పెడితే రొట్టె పొయ్యిలో పెట్టినంత వెచ్చగా ఉంది. ముసలిది ఒక కాలు ఈకల్లో దాచుకుని, రెండోదాని మీద నిలబడి, కాసేపటికి మార్చుకుంటోంది. కొవ్వు పట్టించబోతే నా వేలు కొరికింది. ఇక భయం లేదనుకున్నాను.

వాటికి నీళ్లు అందాయి. ఎలా అందాయో అడగకండి.

గడ్డి ఎల్బర్ట్ తాత కొట్టం నుంచి వస్తోంది. సహవాసంవాళ్లంతా తలా కాస్త మోసుకొచ్చి పెడుతున్నారు. పొడిగడ్డి లేకపోతే ఈ చలిలో రెండు వారాలు కూడా గడవదు, కనుక వాళ్ల మంచితనం నేను మరిచిపోను. కానీ మొన్న ఆదివారం సాయంత్రం ఎల్బర్ట్ తాత తడక మీదుగా తొంగిచూశాడు.

"అమ్మాయ్, నీ బాతులు తెల్లగా ఉన్నాయే!"

"తెల్ల బాతులు తెల్లగా కాక ఎట్లా ఉంటాయి తాతా?"

"కాదులే. మా కోడలి బాతులు శనివారం నుంచి నీళ్లు చూడక బురదముద్దల్లా ఉన్నాయి. నీవి ముక్కుతో ఈకలు సర్దుకుంటూ పెళ్లివారిలా మెరుస్తున్నాయి. ఆదివారం పూట వీటికి స్నానం ఎవరు పోశారంటావ్?"

"ప్రభువు పోసి ఉంటాడు. హిమముకంటె తెల్లగా కడుగుతాడని మీరే కదా చదివారు."

ఆయన నవ్వలేదు. బాతుల్ని చూశాడు, నన్ను చూశాడు. వెళ్లిపోయాడు.

నిన్న గట్టు మీద కమ్మరి గ్రీట్యే కనబడి, "ఏం వదినా, పోయినేడు మీ ఆయన నన్ను నిలబెట్టిన చోటు ఖాళీగానే ఉంది. తుడిచి పెట్టమంటావా?" అంది. దాని నోట్లో నోరు పెట్టదలచుకోలేదు. తలగుడ్డ సర్దుకుని ఇంటికి వచ్చేశాను.

ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉందండీ.

మీ
నీల్త్యే


సంత్‌హూక్ దీవి,
జనవరి, మొదటి బుధవారం

నీల్త్యే,

నీళ్లు ఎలా అందాయి?

అడగవద్దన్నావు. అడుగుతున్నాను. నీ భర్తగా అడుగుతున్నాను, ఆ సహవాసానికి వాక్యం చెప్పేవాడిగా కూడా అడుగుతున్నాను. ఈ రెండింటిలో ఏది ముందో నువ్వు నాకు గుర్తు చెయ్యవలసిన అవసరం లేదు. ఆకాను తన గుడారం కింద దాచుకున్నది ఒక్క అంగీ, కాస్త వెండి, ఒక బంగారు కడ్డీ. దానికి ఇశ్రాయేలంతా యుద్ధంలో ఓడిపోయింది. నా గుడారం కింద ఏం దాచావు? నువ్వు గొడ్డలి ఎత్తి ఉంటే నీ పేరు చదవవలసింది ఎల్బర్ట్ కాదు, నేను. ఆ నోరు నాకెక్కడి నుంచి వస్తుందో నాకు తెలియదు.

నది పూర్తిగా గట్టిపడింది. దీవివాళ్లు మంచు మీద చెట్టుకొమ్మలు పాతి దారి వేశారు. శనివారం పొద్దున్నే బయల్దేరి పొద్దు వాలేలోపు ఇల్లు చేరతాను. విశ్రాంతిదినం మొదలయ్యేసరికి నీ ఎదురుగా కూర్చుని ఉంటాను. అప్పుడు చెప్పు.

రెండు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు.

గోవర్ట్


లీర్‌వెన్,
సోమవారం సాయంత్రం

ప్రియమైన మీకు,

దీవి చేరారో, దారిలోనే పడిపోయారో తెలియదు. చేరి ఉంటే ఈ ఉత్తరం చదువుతారు. మీరు నాతో చెప్పకుండా వెళ్లారు. కాబట్టి నేనే మాట్లాడుతున్నాను.

శనివారం మీకోసం కూర నాలుగుసార్లు వేడిచేశాను. మంచు గాలివాన మొదలయ్యేసరికి మీరు నది అవతలే ఆగిపోయి ఉంటారనుకున్నాను. ఆగితే సోమవారం దాకా కదలరు, మిమ్మల్ని నాకు తెలియదా! ఎవరి కొట్టంలోనో కూర్చుని కీర్తనలు చదువుకుంటుంటారనుకున్నాను.

అవును, గొడ్డలి ఎత్తాను. ఐదు ఆదివారాలు ఎత్తాను. ఊరంతా కూడికలో ఉండగా, గొడ్డలి తలకు గోనె చుట్టి, చప్పుడు రాకుండా కొట్టాను. ఇంటి ముందు గుంట దారికి కనబడుతుంది కనుక, ఇంటి వెనక రెల్లు చాటున వేరే గుంట కొట్టాను. పలకలను పక్క మంచు కిందికి తోసేశాను. బాతులు దిగాయి, తలలు ముంచాయి, కడుక్కున్నాయి, తాగాయి. మళ్లీ లోపలికి తోలాను. గుర్తుకర్ర పాతలేదు. పాతితే ఆదివారం గుంట కొట్టానని ఊరికి జెండా ఎగరేసినట్టే కదా! ఆ వెనక కాలువ మీద ఎవరు నడుస్తారులే అనుకున్నాను. ఆదివారం నాడు మన ఊళ్లో ఎవరు నడుస్తారు?

నిన్న మధ్యాహ్నం గుంట మీద సన్నని పొర కట్టింది. దాని మీద గాలి మంచుపొడి చల్లింది. నేనే కొట్టిన గుంట నాకే కనబడలేదు. బాతులను లోపలికి తోలి పెద్దబాతుల కోసం బయటికి వచ్చాను. అవి ఒక్కసారిగా మెడలు చాచి రెల్లు వైపు గీపెట్టాయి. నక్క అనుకుని కర్ర తీసుకుని పరుగెత్తాను.

మొదట టోపీ కనబడింది. తర్వాత మంచు అంచును పట్టుకున్న రెండు చేతులు. ఆ చేతులు నేను ఎక్కడైనా గుర్తుపడతాను. మీరు కేకలు వెయ్యలేదు. రొమ్ముదాకా నీళ్లలో ఉండి, పళ్లు గిట్టకరుచుకుని, నోరు మూసుకునే ఉన్నారు. ఎందుకు అరవలేదో నాకు తర్వాత అర్థమైంది. అప్పుడే కూడిక ముగిసి గట్టు మీద జనం నడుస్తున్నారు.

అటక నిచ్చెన లాగి మంచు మీద పడేసి, దాని మీద బోర్లా పడుకుని మీ దగ్గరికి పాకాను. అంచు పగులుతూ వచ్చింది. మీ కోటు గట్టిగా పట్టుకుని లాగితే బొత్తాలు ఊడాయి. మళ్లీ లాగాను. ఎలా బయటపడ్డారో నాకు తెలియదు. మిమ్మల్ని పొయ్యి దగ్గరికి ఈడ్చుకొచ్చి, బట్టలు ఊడదీసి, పాదాలకు కొవ్వు పట్టించాను, బాతులకు పట్టించినట్టే. మీ పాదాలు బాతు పాదాలకంటే చల్లగా ఉన్నాయి. మాట వచ్చాక మీరు అడిగింది ఒక్కటే.

"కర్ర?"

"పాతలేదు" అన్నాను.

గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేను నిద్రపోయానో లేదో, లేచేసరికి మీరు లేరు. మా నాన్న చెక్కబూట్లు లేవు. పక్క ఇంకా వెచ్చగానే ఉంది.

గోవర్ట్, మీరు ఆదివారం నడిచారు. గాలివానలో ఎక్కడో రాత్రి గడిపి, విశ్రాంతిదినాన అంత దూరం నడిచి వచ్చారు. ఎవరి కంటా పడకూడదని గట్టు మీది దారి వదిలి, వెనక కాలువ మీదుగా వచ్చారు. ఎవరి కంటా పడకూడదని నేను అక్కడే గుంట కొట్టి కర్ర పాతలేదు. మనుషులకు భయపడి మనమిద్దరం ఒకరి కోసం ఒకరం గొయ్యి తవ్వుకున్నాం. దేవుడికి భయపడి మాత్రం కాదు. ఇది నేను మీ మీద వేస్తున్న నింద కాదు. నేను చూసినది చెబుతున్నాను. ఒక్కటి మాత్రం నాకు చెప్పండి, కోపంతో వచ్చారా, బెంగతో వచ్చారా?

ఇప్పుడు అసలు సంగతి. నిన్న సాయంత్రం మంచు పడి ఆగింది. మీరు తెల్లవారకముందే వెళ్లిన అడుగులు మన గుమ్మం నుంచి నది వైపు అచ్చు గుద్దినట్టున్నాయి. వచ్చిన అడుగులు లేవు, పోయినవే ఉన్నాయి. పొద్దున్నే ఎల్బర్ట్ తాత గడ్డిమోపుతో వచ్చాడు. అడుగులు చూసి మోపు అక్కడే దించేశాడు. వెనక్కి వెళ్లి గుంట చూశాడు, నిచ్చెన చూశాడు.

"అమ్మాయ్, ఇవి ఎవరి అడుగులు?"

"ఒక మనిషివి తాతా."

"మనిషివని నాకూ తెలుసు. ఏ మనిషివి?"

"నీళ్లలో పడ్డవాడివి."

"వాడికి పేరుందా?"

"ఉంది. ఆ పేరు ఆయన చెప్పుకోవాలి, నేను కాదు."

"నీ మొగుడు దీవిలో వాక్యం చెబుతున్నాడు. ఇక్కడ నీ గుమ్మంలోంచి చీకటితో మగవాడు బయటికి పోతాడు. ఆదివారం గొడ్డలి సంగతి అడుగుదామని వచ్చాను తల్లీ. ఇప్పుడు గొడ్డలి చిన్నదైపోయింది."

గడ్డిమోపు తిరిగి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఆయన కళ్లు తుడుచుకోవడం చూశాను. మధ్యాహ్నానికి ఎవరూ గడ్డి తేలేదు. రేపటికి సరిపోను ఉంది, ఎల్లుండికి లేదు. పాత రెల్లు కోసి తెచ్చి పరుస్తున్నాను, అది తడి పీల్చదు. వచ్చే ఆదివారం నా పేరు చదువుతారు. గొడ్డలికి కాదు, ఆ అడుగులకు. చదివాక ఈ ఊళ్లో ఏ గుమ్మం నాకు తెరుచుకోదు. పొడిగడ్డి లేక కొట్టంలో పక్షులూ మిగలవు.

ఒక్క మాటతో నేను దీన్ని తుడిచెయ్యగలను. ఆ మాట చెబితే మీరు ఇకముందు ఎక్కడా నోరు తెరవలేరు. కనుక చెప్పలేదు. చెప్పను కూడా. ఆదివారం నిలబడమంటే నిలబడతాను. కాకపోతే అంతకు ముందు గొడ్డలి తీసుకుని, గోనె చుట్టకుండా, ఇంటి ముందు గుంట కొట్టి, గుర్తుకర్ర పాతి మరీ వెళతాను.

ఇంటిల్లిపాదికీ విశ్రాంతి అని ఆజ్ఞలో ఉంది. నాకెప్పుడు విశ్రాంతి?

మీ నీల్త్యే


సంత్‌హూక్ దీవి,
గురువారం

నా ప్రియమైన నీల్త్యే,

నీ ఉత్తరం మంచు మీదే అందుకున్నాను. టపావాడి చేతిలోంచి లాక్కుని అక్కడే నిలబడి చదివాను. వాడు నన్ను చూసి, "ఎవరైనా పోయారా అయ్యా?" అన్నాడు. "లేదు, పోబోయినవాడు బతికాడు" అన్నాను.

నువ్వు అడిగినదానికి జవాబు. కోపంతో బయల్దేరాను. నీ ఎదుట నిలబడి ఏమేం అనాలో దారి పొడవునా అప్పజెప్పుకుంటూ నడిచాను. నది నడిమధ్య గాలివానలో కొమ్మల దారి కనబడకుండా పోయింది. అక్కడ కూలబడ్డప్పుడు నాకు ఒక్క వచనం గుర్తుకు రాలేదు నీల్త్యే. ఇన్నేళ్లు వాక్యం నమిలినవాడికి ఒక్కటీ రాలేదు. నువ్వు బాతును ఒడిలో పెట్టుకుని ఆరబెడుతున్నట్టు కనబడింది. అక్కడి నుంచి బెంగతో నడిచాను. సోమవారం దాకా ఆగలేకపోయాను. దాక్కుని వచ్చింది మాత్రం కోపానికీ కాదు, బెంగకూ కాదు. నా పేరు కోసం.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇక్కడ నాకు ఆశ్రయమిచ్చిన ఇంటావిడకు పెద్దబాతులున్నాయి. ప్రతి ఆదివారం పొద్దున ఆమె వాటికోసం మంచు పగలగొడుతుంది. ఆమె పెట్టిన రొట్టె తింటూ నేను కిటికీ తెర లాగుకునేవాణ్ణి. అదే చేత్తో నీకు ఉప్పుస్తంభం సంగతి రాశాను. ఇతరుల మీద మోయలేని బరువులు పెట్టి, తాము వేలితోనైనా తాకనివాళ్ల గురించి ప్రభువు ఏమన్నాడో నేను ఎన్నిసార్లు గొంతు చించుకుని చెప్పానో! అదంతా ఎవరికో చెప్పాననుకున్నాను.

నిన్న సాయంత్రం పాకలో లేచి దీవివాళ్లకు అంతా చెప్పాను. గొడ్డలి సంగతి, నా నడక సంగతి, నీ సంగతి. చెప్పి తల దించుకున్నాను. నాకు ఆశ్రయమిచ్చిన ఆ ఇంటి ముసలాయన లేచాడు.

"కూర్చోండయ్యా. మాకు తెలుసు. తడిసిన మీ చొక్కా మా పొయ్యి మీదే కదా ఆరింది? మీరు చెబుతారా చెప్పరా అని చూస్తున్నాం."

"ఈ రెండు రోజులూ నన్నెందుకు అడగలేదు?" అన్నాను.

"మీరే కదా ఎప్పుడూ మాట్లాడుతూ ఉంటారు" అన్నాడు. పాకంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, కానీ గుండె మీంచి ఏదో దిగింది.

వాళ్లు నాకు ఒక బండెడు పొడి గడ్డి ఇచ్చారు. మంచు మీద లాగే చెక్కబండి మీద కట్టుకున్నాను. రేపు వెలుతురు రాగానే బయల్దేరతాను. ఈ ఉత్తరం టపావాడితో నాకంటే ముందు వస్తుంది. మళ్లీ గాలివాన వస్తే శనివారం చేరలేకపోవచ్చు. అలాగైతే ఆదివారమే నడుస్తాను, ఆ బండి లాక్కుంటూ, గట్టు మీది దారిన, ఊరంతా చూస్తుండగా.

కంతలు ఎంత తెరవాలో, గడ్డి ఎంత మందం పరచాలో నువ్వు చెబితే నేను చేస్తాను. ముసలిదాని కాలు నేనే చూస్తాను, నన్ను కూడా కొరకనీ. గ్రీట్యే గుమ్మంలోకి వెళ్లి ఆమెను నిలబెట్టినందుకు క్షమించమని అడగాలి. ఆమె ఏమంటుందో ఊహించగలను. ఇక నన్ను మాట్లాడటానికి పిలవకపోవచ్చు. పిలవకపోతే పోనీ, పక్షులకు నీళ్లు పెట్టేవాళ్లు కూడా కావాలి కదా.

ఆదివారం ఎల్బర్ట్ తాత నీ పేరు చదవడానికి లేచినప్పుడు నువ్వు నిలబడకు. కూర్చునే ఉండు. ఎంతమంది నీవైపు తిరిగినా తల దించకు. నేను తలుపు దగ్గర ఉన్నా, మంచు మీద నడుస్తూ ఉన్నా, ఆ పేరు ఆయన నోటి నుంచి పూర్తిగా రాకముందే నేను అక్కడికి వచ్చి, ఆ అడుగులు నావి అని చెబుతాను.

నీ
గోవర్ట్